అత్తగారికి చెప్పకపోయినా సరే, డాక్టరు వదినకు చెప్పాలా?

ఈ వారం ఉత్తరం హైదరాబాద్‌లో ఉంటున్న ఒక పాఠకురాలిది. పేరూ, అత్తగారి ఊరూ బయటపెట్టవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 41 ఏళ్లు. పెళ్లయి పధ్నాలుగేళ్లు. థైరాయిడ్ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటారు. సొంత అండాలతో రెండుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నారు, రెండుసార్లూ నిలవలేదు. అండాల నిల్వ ఎంత మిగిలిందో చూపే ఏఎంహెచ్ పరీక్ష 0.4కి పడిపోయిందని, ఇక దాత అండమే దారి అని డాక్టర్లు చెప్పారు. ఏడాదిపాటు భార్యాభర్తలు మాట్లాడుకుని, పోట్లాడుకుని, చివరికి సరేననుకున్నారు. అండం దాతది, వీర్యకణాలు భర్తవి. రెండు పిండాలు పెడితే ఒకటి నిలిచింది. ఇప్పుడు తొమ్మిదో వారం. స్కాన్‌లో గుండె చప్పుడు విన్నారు. మొదటి విజిట్‌లో బీపీ 132/84 ఉందట. అత్తింటివాళ్లకు "ట్రీట్‌మెంట్ ఫలించింది" అన్నంతవరకే తెలుసు.

ఆమెకు అమ్మ లేదు. పురుడు తానే పోస్తానని, ఏడో నెలలో తమ ఊరు తీసుకెళ్తానని అత్తగారు ముచ్చటపడుతున్నారు. ఆ ఊళ్లో నర్సింగ్‌హోమ్ నడుపుతున్న గైనకాలజిస్టు, భర్తకు పిన్ని కూతురు. ఈమెకు వదిన వరస. "వదినకు చెప్తే అమ్మకు చెప్పినట్టే. ఫైల్లోంచి ఆ కాగితాలు తీసేసి తీసుకెళ్దాం" అంటున్నారు భర్త.

ఈలోగా ఆమె ఒక రాత్రి ఫోన్లో వెతికితే, దాత అండంతో వచ్చిన గర్భాల్లో బీపీ ప్రమాదం రెండు మూడు రెట్లు ఎక్కువని కనిపించింది. ఐవీఎఫ్ సెంటర్‌లో ఈ మాట ఎవరూ అనలేదు. ఉత్తరం చివర ఆమె రాసిన వాక్యాలు ఆమె మాటల్లోనే ఇస్తున్నాను: "బిడ్డని నా ఒళ్లు పరాయిదనుకుంటోందా? అందుకే బీపీ వస్తుందా? ఇది ఎవరిని అడగాలో తెలీదు. అమ్మ ఉంటే అమ్మనే అడిగేదాన్ని."

• • •

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతానమ్మా. మిగతావన్నీ దానికే ముడిపడి ఉన్నాయి.

గర్భం ఎవరిదైనా, ఎలా వచ్చినా, కడుపులో బిడ్డ తల్లి శరీరానికి సగం కొత్తే. తండ్రి నుంచి వచ్చిన సగం ఆమె రక్తానికి తెలియనిదే కదా. అయినా శరీరం దాన్ని తోసెయ్యదు, చోటిస్తుంది. ఆ సర్దుబాటు జరిగేది మాయ దగ్గర. మాయ బిడ్డవైపు నుంచి తయారయ్యే అవయవం. మొదటి నెలల్లో అది గర్భసంచి గోడలోకి వేళ్లు దింపి, అక్కడి రక్తనాళాలను వెడల్పు చేసుకుంటుంది. మీ విషయంలో బిడ్డలో రెండో సగం కూడా కొత్తది. కాబట్టి మీ రోగనిరోధక వ్యవస్థ కాస్త ఎక్కువ సర్దుకోవాలి. కొందరిలో ఆ సర్దుబాటు పూర్తిగా కుదరదు, మాయ వేళ్లు తగినంత లోతుకు దిగవు. ఆ ఇబ్బంది నెలల తర్వాత బీపీ రూపంలో బయటపడుతుంది. వైద్యులు ఎక్కువగా అనుమానించే కారణం ఇది. అంటే మీరు చదివింది అబద్ధం కాదు. కానీ ఇందులో మీ మనసుకు పాత్ర లేదు. మీరు బిడ్డను ఎంత కోరుకున్నారు, దాత అండానికి ఎంత ఆలస్యంగా ఒప్పుకున్నారు, ఆ ఏడాదిలో ఎన్నిసార్లు ఏడ్చారు అన్న లెక్కలేవీ మాయకు తెలియవు.

ఇంకో కారణం కూడా ఉంది, దీని గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. మాత్రలతో గర్భసంచిని సిద్ధం చేసి పిండాన్ని పెట్టినప్పుడు ఆ నెల అండం విడుదల కాదు. అండం విడుదలైన చోట మామూలుగా ఏర్పడే చిన్న గ్రంథి ఏర్పడదు. అది విడుదల చేసే కొన్ని హార్మోన్లు మొదటి వారాల్లో తల్లి రక్తనాళాలు సాగడానికి సాయపడతాయి. మీకు బయటి నుంచి ఇస్తున్న ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ గర్భాన్ని నిలబెడతాయి గానీ ఆ లోటంతా తీర్చలేవు. అన్నట్టు, ఆ మాత్రలూ ఇంజెక్షన్లూ డాక్టరు చెప్పే వరకు ఆపకండి. గుండె చప్పుడు వినగానే "ఇక అక్కర్లేదులే" అని మానేసినవాళ్లను చూశాను.

ఇప్పుడు అంకెలు. "మూడు రెట్లు" అన్న మాట అర్ధరాత్రి ఫోన్లో చదివితే ఎవరికైనా గుండె జారుతుంది. మామూలుగా వందమంది గర్భిణుల్లో సుమారు ఐదుగురికి ప్రీఎక్లాంప్సియా వస్తుంది. అంటే ఐదో నెల దాటాక బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోవడం, లేదా కిడ్నీ, కాలేయం, రక్తకణాల మీద ప్రభావం పడటం. ముదిరితే ఫిట్స్ వస్తాయి, మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారు. దాత అండంతో గర్భం దాల్చినవాళ్లలో ప్రీఎక్లాంప్సియా వందకు పది పదిహేనుమందికి, కొన్ని అధ్యయనాల్లో ఇంకాస్త ఎక్కువమందికి కనిపించింది. వయసు వల్లనో కవలల వల్లనో మాత్రమే వచ్చిన తేడా కాదిది, వాటిని పక్కనపెట్టి చూసినా తేడా మిగులుతోంది. మీకు వయసు కూడా తోడైంది. రెండు పిండాల్లో ఒకటే నిలవడం మీకు బాధ కలిగించి ఉండొచ్చు గానీ, ఈ విషయంలో మాత్రం అది మేలే. కవలలైతే ప్రమాదం మరింత పెరిగేది.

బీపీతో పాటు నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తక్కువగా ఉండటం, సిజేరియన్, కాన్పు తర్వాత రక్తస్రావం, ఇవీ ఇలాంటి గర్భాల్లో ఎక్కువే. మీ వయసుకు షుగర్ కూడా చూడాలి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చేసే పరీక్షను ఏడో నెల దాకా ఆగకుండా ఇప్పుడే ఒకసారి చేయించుకోండి, 24వ వారంలో మళ్లీ చేయించుకోండి. థైరాయిడ్ మాత్ర మోతాదు గర్భంలో తరచు పెంచాల్సి వస్తుంది, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష నాలుగైదు వారాలకోసారి చూస్తే చాలు.

ఈ ప్రమాదాలన్నీ ముందే తెలిస్తే చాలావరకు చేతికి అందేవే. వదినకు చెప్పాలా అన్న మీ రెండో ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

చాలా చవకైన మాత్ర ఒకటుంది, తక్కువ మోతాదు ఆస్పిరిన్. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో ప్రమాదం ఎక్కువగా ఉన్న 1,776 మంది గర్భిణులను తీసుకుని, కొందరికి 11-14 వారాల మధ్య నుంచి 36వ వారం దాకా రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు, మిగతావాళ్లకు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. 37 వారాలలోపే కాన్పు చేయాల్సి వచ్చేంత ప్రీఎక్లాంప్సియా ఉత్త మాత్ర వాళ్లలో 4.3 శాతం మందికి, ఆస్పిరిన్ వాళ్లలో 1.6 శాతం మందికి వచ్చింది. దీన్ని 16వ వారంలోపు మొదలుపెట్టాలి. మాయ వేళ్లు దిగడం పూర్తయ్యాక వేస్తే అంత ఫలితం ఉండదు. మీకిప్పుడు తొమ్మిదో వారం, అంటే టైముంది. సొంతంగా కొనుక్కుని వేసుకోకండి. ఆస్తమా, అల్సర్, రక్తస్రావం సమస్యలు ఉంటే డాక్టరుకు చెప్పి, మోతాదు ఆవిడనే నిర్ణయించమనండి. కాల్షియం కూడా మానకండి.

ఇంకో సంగతి, ఇందులో రహస్యం నేరుగా దెబ్బతీస్తుంది. 11 నుంచి 14 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్, దాంతో డబుల్ మార్కర్ రక్తపరీక్ష చేస్తారు. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ అనే జన్యు సమస్య వచ్చే అవకాశం ఎంతో లెక్కకట్టేటప్పుడు వాళ్లు ముందు అడిగేది వయసు. ఆ లెక్కకు కావలసింది అండం వయసు, అంటే అండం తీసిన రోజున దాతకు ఎన్నేళ్లో అది. 41 ఏళ్ల అండానికి ఆ అవకాశం సుమారు 80లో ఒకటి. 25 ఏళ్ల అండానికి సుమారు 1,250లో ఒకటి. ఫారంలో మీ వయసు ఒక్కటే రాస్తే రిపోర్ట్ ఎర్రక్షరాలతో "హై రిస్క్" అని రావచ్చు. ఆ తర్వాత కౌన్సెలింగ్, ఉమ్మనీరు తీసే పరీక్ష, వారాల టెన్షన్. తప్పు లెక్క కోసం కడుపులోకి సూది దించుకున్నట్టవుతుంది. ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలపై మన దేశంలో 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం అండదాతకు 23 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి, కాబట్టి మీ దాత చిన్న వయసు మనిషే. తల్లి రక్తంతో చేసే కొత్త పరీక్ష, ఎన్‌ఐపీటీ, చేయించుకున్నా దాత అండమని ల్యాబ్‌కు ముందే చెప్పాలి. కొన్ని పద్ధతుల్లో తల్లి జన్యువులనూ బిడ్డ జన్యువులనూ పోల్చి చూస్తారు, అక్కడ లెక్క తప్పుతుంది.

ఐవీఎఫ్ సెంటర్‌లో ఎవరూ ఏమీ చెప్పలేదని రాశారు. ప్రమాదాలనూ దుష్ప్రభావాలనూ దంపతులకు ముందే వివరించడం ఆ చట్టం ప్రకారం క్లినిక్ బాధ్యత. మీకు జరిగింది లోపమే. ఇప్పుడు వాళ్లతో తగవు పెట్టుకోమని అనను, వాళ్ల దగ్గర నుంచి మీకు కాగితాలు కావాలి.

ఇక మీవారి సంగతి. ఆయన భయం నాకు అర్థమవుతుంది. "తెలిస్తే బిడ్డను వేరుగా చూస్తారు" అన్నది మన ఇళ్లలో ఊహించుకున్న భయం కాదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. వీర్యకణాలు ఆయనవి, కాబట్టి మీ అత్తగారి ముక్కో నుదురో నిజంగానే రావచ్చు ఆ బిడ్డకు. రక్తం లెక్కన ఆ ఇంటి బిడ్డే. లెక్కలో లేనిది మీరు. అంటే ఈ రహస్యం బయటపడితే మాట పడేది ముందు మీరే, దాచడం వల్ల ఒంటికి హాని జరిగితే పడేదీ మీరే. కాబట్టి ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి అన్న నిర్ణయంలో ఆయన మాట వినండి, చివరి మాట మాత్రం మీదే ఉండనివ్వండి. ఆయన్ని ఓడించడానికి అంటున్నది కాదిది. ఆ ఫైలు మీ ఒంటి గురించిన ఫైలు.

అత్తగారికీ, తోడికోడళ్లకూ, పక్కింటివాళ్లకూ చెప్పనక్కర్లేదు, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కాన్పు చేసే డాక్టరు వాళ్లలో ఒకరు కారు. మీ చిక్కల్లా అత్తగారూ, ఆ డాక్టరూ ఒకే ఇంటివాళ్లు కావడం.

ఫైల్లో కాగితాలు తీసేసి ఏడో నెలలో ఆ ఊరు వెళ్లారనుకోండి. నిజం చెప్పాలంటే అప్పటికే ఆస్పిరిన్ నడుస్తుంటుంది, స్కాన్లు ఇక్కడే అయిపోయి ఉంటాయి. 41 ఏళ్లు, ఐవీఎఫ్ అని తెలిస్తే ఏ డాక్టరైనా కాస్త జాగ్రత్తగానే చూస్తారు. కాబట్టి వెళ్లగానే ఏదో అయిపోతుందని భయపెట్టను. కానీ 33వ వారంలో బీపీ 138/88 చూపించి, కాస్త తలనొప్పి అన్నారనుకోండి. దాత అండమని తెలిసిన డాక్టరు ఆ రోజే మూత్రం, రక్తం పరీక్షలు రాసి మూడు రోజుల్లో రమ్మంటుంది. తెలియని డాక్టరు "ప్రయాణం అలసట, ఉప్పు తగ్గించు" అని రెండు వారాల తర్వాత రమ్మనవచ్చు. ఈ జబ్బులో ఆ రెండు వారాల తేడాయే పెద్దది. లేబర్ రూముల్లో ముప్పై ఏళ్లు గడిపిన మనిషిగా చెప్తున్నాను, కాన్పు బల్ల మీద ఫిట్స్ వచ్చాక భర్త గుమ్మం దగ్గర నిలబడి, "డాక్టరుగారూ, ఒక్క మాట మీకు చెప్పలేదు" అనడం విన్నాను. పైగా కొన్ని కాగితాలు లేని ఫైలు చూస్తే డాక్టరు ముందు అనుమానించేది ఆ కాగితాలనే. ఈ దారి నాకు నచ్చలేదు.

రెండో దారి, వదినకు ఒక్కదానికే చెప్పడం. ఇంట్లో పండక్కి కలిసినప్పుడు వంటింట్లో చెవిలో చెప్పే మాట కాదిది. ఫోన్ చేసి, "వదినా, ఇది పేషంటుగా చెప్తున్నాను, పిన్నిగారికి కూడా తెలియకూడదు" అని మొదలుపెట్టి చెప్పాలి. పేషంటు రహస్యం బయటపెట్టకూడదని 2002 నాటి వైద్య నీతి నియమాలు చెప్తున్నాయి, అది వదినకూ వర్తిస్తుంది. నియమం సరే, మనిషి ఎలాంటిది? ఇంట్లోవాళ్ల జబ్బుల సంగతులు ఆవిడ నోట మీరు ఎప్పుడైనా విన్నారా? విని ఉంటే మీకు జవాబు దొరికినట్టే. ఆవిడ గట్టి మనిషే అయినా, నర్సింగ్‌హోమ్‌లో నర్సులూ కాంపౌండర్లూ ఆ ఊరివాళ్లే. రేపు బారసాలలో, ఆపై ప్రతి పెళ్లిలో, మీ రహస్యం తెలిసిన మనిషి ఒకరు ఎదురుగా కూర్చుని ఉంటారు. అది కొందరికి భారం. అమ్మ లేని మీకు, అన్నీ తెలిసిన ఒక ఆడమనిషి అత్తింట్లో ఉండటం ఊరట కూడా కావచ్చు. ఇది మీరు తేల్చుకోవాల్సిందే.

రహస్యం సంగతి ఎలా ఉన్నా వదినను ఒకటి అడగాలి. ఆ నర్సింగ్‌హోమ్‌లో పిల్లల ఐసీయూ ఉందా? బ్లడ్ బ్యాంక్ ఎంత దూరం? రాత్రి రెండింటికి మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారు? 34 వారాలకే కాన్పు చేయాల్సి వస్తే బిడ్డను అంబులెన్సులో గంటన్నర ప్రయాణం చేయించాల్సిన చోటైతే, వదిన చేయి ఎంత మంచిదైనా అది మీ కాన్పుకు తగిన చోటు కాదు. మంచి డాక్టరైతే ఆవిడే ముందు ఆ మాట అంటుంది.

మూడో దారి, కాన్పు హైదరాబాద్‌లోనే. ఇప్పుడు చూస్తున్న డాక్టరుకు అన్నీ తెలుసు, కొత్తగా ఎవరికీ చెప్పే పని లేదు. అత్తగారికి చెప్పే కారణం అబద్ధం కానక్కర్లేదు. "వయసెక్కువ, బీపీ అంచున ఉంది, ట్రీట్‌మెంట్ గర్భం, ప్రయాణం వద్దన్నారు", ఇందులో ప్రతి మాటా నిజమే. ఖర్చు ఎక్కువవుతుంది. అత్తగారు నొచ్చుకుంటారు, ఊళ్లో నలుగురికీ చెప్పుకున్న మాట పోతుంది కదా. ఆ మాట డాక్టరు వదిన నోట వస్తే తేలిగ్గా దిగుతుంది. "పెద్దమ్మా, ఈ వయసులో పెద్దాసుపత్రే మంచిది" అని ఆవిడ చేత చెప్పించగలిగితే సగం పని అయినట్టే. పురుడు పోసే ముచ్చట కూడా పోనక్కర్లేదు. అత్తగారినే హైదరాబాద్ రమ్మనండి. కాన్పు తర్వాత మొదటి వారంలో, ముఖ్యంగా మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా, బీపీ మళ్లీ పెరగవచ్చు. కాన్పయ్యాక రెండు వారాలు ఆసుపత్రికి దగ్గర్లో ఉండి, ఒళ్లు కుదురుగా ఉంటే ఇరవై ఒకటో రోజు బారసాల ఊళ్లో చేసుకోవచ్చు. నా మొగ్గు ఇటే. అయినా మీ ఇంటి ఖర్చులూ, మనుషులూ మీకే తెలుసు.

ఏ దారైనా ఇంట్లో ఒక డిజిటల్ బీపీ మిషన్ పెట్టుకోండి. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, చేయి బల్ల మీద ఆనించి చూసుకుని, తేదీ వేసి రాసుకోండి. 140/90 దాటితే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. 160/110 అయితే ఫోన్ కూడా వద్దు, ఆసుపత్రికే వెళ్లండి. తగ్గని తలనొప్పి, కళ్లముందు మెరుపులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఆయాసం, ఒక్కసారిగా ముఖమూ చేతులూ ఉబ్బడం, వీటిలో ఏదొచ్చినా బీపీ అంకె కోసం ఆగవద్దు. "కాళ్లకు నీరు పట్టడం మామూలే, మాకూ పట్టింది" అని పెద్దవాళ్లు అంటారు. పాదాలవరకైతే నిజమే, ముఖానికి వస్తే కాదు. బాలింతగా ఉన్నప్పుడు తలనొప్పి వస్తే చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి ఊరుకోకండి, ముందు బీపీ చూడమనండి. చప్పిడి కూడు తిన్నా, తొమ్మిది నెలలూ మంచం దిగకపోయినా ఈ జబ్బు ఆగదు. ఆ రెండూ మీ చేత చేయించాలని ఎవరో ఒకరు చూస్తారు, చిరునవ్వు నవ్వి ఊరుకోండి.

పాల గురించి మీరు అడగలేదు గానీ, మీలాంటివాళ్లు చాలామంది లోపల దాచుకునే ప్రశ్న అది. పాలకూ అండానికీ సంబంధం లేదు. మాయ బయటపడగానే పాలు దిగడం మొదలవుతుంది, అండం ఎవరిదైనా. చట్టం లెక్కలోనూ బిడ్డ మీ ఇద్దరి బిడ్డే, దాతకు ఏ హక్కూ ఉండదు.

ఐవీఎఫ్ సెంటర్‌కు ఈ వారమే ఫోన్ చేయండి. దాతకు అండం తీసిన రోజున వయసు ఎంతో, బ్లడ్ గ్రూపు ఏమిటో, పిండాన్ని ఏ తేదీన పెట్టారో, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. దాత పేరు అడగవద్దు, వాళ్లు చెప్పరు, చెప్పకూడదు కూడా. ఆ కాగితాన్ని పెద్ద ఫైల్లో పెట్టకుండా విడిగా మీ హ్యాండ్‌బ్యాగులో ఉంచుకోండి. ఎన్‌టీ స్కాన్ రోజు ఫారం నింపేటప్పుడు అది తీయండి.